ఇంటికొక చెయ్యి

విమానం వెళ్లిపోయింది, లోకనాథ్ ఉండిపోయాడు. పోయిన వారం కథ ఆగింది అక్కడే. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లు బిక్కమొహం వేయకుండా ముందు నాలుగు ముక్కలు చెప్పి, ఆ తర్వాత త్రివేణి దగ్గరికి పోదాం.

హోసూరులో 'ఎర్రమన్ను' అని ఒక బ్యాండు. ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే కుర్రాళ్లు కొందరు, పాడటానికి బట్టల కొట్టు వాళ్ల అమ్మాయి మధుమిత. వాయించేది రెగ్గే. జమైకా దీవిలో పుట్టిన పాటకు హోసూరుతో ఏం చుట్టరికమని నవ్వినవాళ్లున్నారు. ఆ చుట్టరికం లోకనాథ్ చేతిలో ఉంది. బేరిగై పక్కన ముళ్లదిన్నెలో మేకలు కాసుకునే ఇల్లు అతనిది. గంగమ్మ జాతరకు తప్పెట వాయించే హక్కు తాతలనాటి నుంచీ ఆ ఇంటిదే. పొలిమేర నుంచి అమ్మవారిని ఊళ్లోకి తెచ్చేటప్పుడు వాయించే దెబ్బను అమ్మోరి నడక అంటారు. అడుగు నేల మీద పడేటప్పుడు తప్పెట ఊరుకుంటుంది, అడుగు లేచేటప్పుడు మోగుతుంది. రెగ్గే నడిచేదీ ఇంచుమించు అలాగే. మధుమిత ఒక జాతరలో అది విని, నేను క్యాసెట్లలో వెతుకుతున్నది ఇదే కదా అని అతన్ని బ్యాండులోకి లాక్కుంది. గులాబీ తోటల పని మీద వచ్చిన హాలండు పెద్దమనిషి ఒకాయన వాళ్ల పాట విని, మా దేశానికి వచ్చి పాడండి అన్నాడు. 1999 ఆషాఢంలో 'ఎర్రమన్ను' మొదటిసారి సముద్రం దాటింది.

లోకనాథ్ దాటలేదు. తప్పెట తీసుకుని, తల్లి మునిలక్ష్మమ్మకు చెప్పి పోదామని ఊరికి వచ్చి ఒక రాత్రి పడుకున్నాడు. తెల్లారేసరికి పూజారి వరదప్ప జాతర చాటించి అతని చేతికి కాపు కట్టేశాడు. కాపు అంటే పసుపు తాడు, ఇంటికి ఒకరి చేతికి కడతారు. కట్టించుకున్నవాళ్లు పగలు ఎక్కడ తిరిగినా, జాతర ముగిసేదాకా పొలిమేర అవతల నిద్ర చేయకూడదు. ఆషాఢం పుట్టాక ప్రతి మంగళవారం పొద్దున వరదప్ప అమ్మవారి విగ్రహం భుజాల మీద రెండు తడి పువ్వులు అంటించి, ఈ వారం కట్టమంటావా తల్లీ అని అడుగుతాడు. కుడి పువ్వు రాలితే ఔను, ఎడమది రాలితే కాదు. మొదటి వారమే అమ్మవారు ఔనన్న దాఖలా ముళ్లదిన్నెలో లేదు. ఈసారి అంది.

ఆ పొద్దు పువ్వులు అందించే వంతు లోకనాథ్ ఇంటిది. అందించింది అతని భార్య త్రివేణి. కుడి భుజానికి లావు తొడిమ ఉన్న బరువైన చామంతి, ఎడమ భుజానికి గాలికి ఎగిరిపోయేటంత తేలిక గన్నేరు. వరదప్పకు కళ్లల్లో పొర. కనుక ఆ సంగతి తనకొక్కదానికే తెలుసని త్రివేణి అనుకుంటోంది.

సరే, కోరుకున్నది దొరికింది. మొగుడు ఇంట్లో ఉన్నాడు. దానికి సంతోషపడాలా వద్దా అన్నదే ఇప్పుడు ఆమె బాధ.

బాగలూరు రోడ్డులో ఒక గులాబీ తోటలో ఆమెకు పని. కాడల పొడుగు చూసి, మొగ్గ విచ్చీ విచ్చకుండా ఉన్నవి ఏరి కట్టలు కట్టాలి. ఆ కట్టలన్నీ చల్లటి పెట్టెల్లో హాలండుకే పోతాయి. మొగుణ్ని ఆపినదానికి పువ్వులను ఆపే అధికారం లేదు. రోజూ తన చేత్తోనే ఆ దేశానికి గులాబీలు పంపి, సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి లోకనాథ్ దొడ్లో కంపకట్టు సరిచేస్తూ ఉంటాడు. తిట్టడు, విసుక్కోడు. పెట్టింది తింటాడు. అడిగినదానికి జవాబు చెప్తాడు. ఇంట్లో మనిషిలా కాదు, ఇంటికి వచ్చిన చుట్టంలా మర్యాదగా ఉన్నాడు.

ఇంతకుముందు ఇలా ఉండేవాడు కాదు. వారమంతా హోసూరులో ఉండి ఆదివారం వచ్చేవాడు. వచ్చింది మొదలు అతని వేళ్లు ఊరుకునేవి కావు. కంచం అంచు మీద, నీళ్ల బిందె మీద, మేకపిల్ల వీపు మీద, చివరికి త్రివేణి వీపు మీద కూడా. అన్నం ఆరిపోతోంది మామా అంటే కంచం మీద జవాబు వాయించేవాడు. ఆ వేళ్లు వింటూ వింటూ ఆమెకు ఏ పాట ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఊరుకుంటుందో తెలిసిపోయింది. కాపు కట్టిన పొద్దు నుంచి ఆ వేళ్లు ఎక్కడా మోగలేదు. తప్పెట గోడకు ఉంది. దూరంగా ఉన్నప్పుడే మొగుడు దగ్గరగా ఉండేవాడని, పక్కనే కూర్చున్న మనిషి కోసం ఇప్పుడు తను అలమటించిపోతోందని త్రివేణికి అర్థమైంది. ఈ మాట ఎవరితో చెప్పుకోగలదు? కక్కలేదు, మింగలేదు.

ఆమెది గురుబరపల్లి. కృష్ణగిరి నుంచి వచ్చే హైవే పక్కనే ఇల్లు. చిన్నప్పటి నుంచీ చూసింది పోయే బండ్లనే. లారీలు, బస్సులు, కార్లు అన్నీ పోతూనే ఉంటాయి, మన గడప ముందు ఆగేది ఒక్కటీ ఉండదు. మేనమామ వరసవాడు, మేకలు కాసే ఇంటివాడు, వీడైనా ఉన్నచోట ఉంటాడని ఆశపడి చేసుకుంది. ఆ మేనమామ కాస్తా పాస్‌పోర్టు తెచ్చి చూపించాడు.

ఆ తర్వాతి మంగళవారం బేరిగై నుంచి కబురొచ్చింది. మధ్యాన్నం హాలండు నుంచి ఫోను వస్తుంది, లోకనాథ్‌ను ఉండమన్నారని. ఫోను బూత్ మాదప్పది. లోకనాథ్, త్రివేణి ఇద్దరూ సైకిలు మీద పోయారు. మాదప్పకు పరదేశం మాటలు వినాలని మహా కుతూహలం. రిసీవరు ఇవ్వకుండా స్పీకరు మీట నొక్కి, "లైను బాగలేదప్పా, ఇట్లయితే స్పష్టంగా వినపడుతుంది" అన్నాడు. లైను నిక్షేపంగా ఉంది.

"లోకా, ఉండావా?" మధుమిత గొంతు.

"ఉండాను, చెప్పు."

"ఈడ ఒక డ్రమ్మర్‌ను పట్టినాము. మంచోడే, పాపం. తాళం తప్పడు. కానీ నడక రాదు. వాడు శరవణన్ మొగం చూస్తాడు, శరవణన్ గిటారు పట్టుకోని వాని మొగం చూస్తాడు."

"జనం?"

"వస్తాండారు. మర్యాదగా చప్పట్లు కొట్టి పోతాండారు. ఒక్క కాలు కూడా కదల్లేదు లోకా. మన పాటకు కాలు కదలకపోతే ఇంకేముండాది?"

లోకనాథ్ ఫోనుకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"శనివారం రాటర్‌డామ్‌లో కడపటి ప్రోగ్రాం. పెద్ద బయలు. నీ టికెట్టు ఇంకా తీసేయలేదు. గురువారం బెంగళూరులో ఎక్కి బొంబాయి మీద వస్తే అందుకుంటావు."

"జాతర ముగిసేది వచ్చే బుధవారం."

"తెలుసు. తెలిసే అడుగుతాండాను."

"కాపు చేతిలో ఉండంగా ఎట్ల వచ్చేది మధుమితా? అమ్మోరికి ఒప్పుకున్నింది."

అవతల మధుమిత పక్కవాళ్లతో ఏదో అంది. తర్వాత ఆమె, "సరే, నువ్వేం మాట్లాడొద్దు. ఊరికే విను" అంది. ఫోను ఎక్కడో పెట్టినట్టుంది. గిటారు మొదలైంది, వెనక బేస్. కొత్త డ్రమ్మరు లేడు. లోకనాథ్ దెబ్బ పడాల్సిన చోట్లన్నీ ఖాళీగా వదిలేసి వాళ్లు వాయిస్తున్నారు.

త్రివేణి అతని మొహం చూడలేదు. చెయ్యి చూసింది. బూత్ అద్దం మీద చూపుడువేలు కదిలింది. తర్వాత మధ్యవేలు. ఖాళీ వచ్చినప్పుడల్లా అద్దం మోగింది, పసుపు తాడు మణికట్టు మీద ఎగిరింది. అన్ని దినాలుగా తను వెతుక్కుంటున్న మనిషి ఆ అద్దం దగ్గర నిలబడి ఉన్నాడు. లైను తెగింది. అతను చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

"పోదాం పా" అన్నాడు.

ఆమె ఇంటికి పోలేదు. దారిలోనే సైకిలు దిగి, పొలిమేరలో గంగమ్మ గుడికి పోయింది. గుడి అంటే రేకుల కప్పు, మూడు వైపులా గోడ. వరదప్ప దీపం సెమ్మెలు చింతపండుతో తోముతున్నాడు.

"తాతా, ఆ పొద్దు పువ్వు అమ్మోరు ఇయ్యలేదు. నేను రాల్చినాను" అంది. "కుడికి బరువుది ఇచ్చినాను, ఎడమకి తేలికది. కావాలనే."

ముసలాయన తోమడం ఆపలేదు. "తెలుసు."

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటూ వచ్చింది ఆమె. ఇక్కడ చూస్తే ఆ గుమ్మడికాయ ముసలాయన చంకలోనూ ఉంది.

"పొర కమ్మింది కండ్లకు, వేళ్లకు గాదమ్మా. నువ్వు చేతిలో పెట్టినప్పుడే బరువు తెలిసింది. మార్చి ఇయ్యి అనిండొచ్చు. అనలేదు."

"ఏమిటికి?"

"నాకూ వాడు గావల్ల. వాని నాయన పోయినాక ఆ నడక తెలిసినోడు వాడొకడే. వాడు విమానం ఎక్కితే అమ్మోరిని ఊళ్లోకి తెచ్చేది ఎవరు? నువ్వు దొంగిలిస్తే నేను మూట మోసినాను. అంతే."

"ఇప్పుడేం దావ తాతా? గురువారం పోతే అందుకుంటాడంట."

వరదప్ప చేతిలో సెమ్మె కింద పెట్టాడు. ఈ మాట చెప్పాలా మానాలా అని ఆయన చాలాసేపు తనలో తనే పేచీ పడ్డాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని పెద్దలు ఊరికే అనలేదు.

"దావ అప్పుడూ ఉన్నింది. నేనే చెప్పలేదు. అమ్మోరు ఇంటికొక చెయ్యి అడుగుతుంది, ఎవరి చెయ్యి అని అడగలేదు. కట్టించుకున్నోడు మనస్ఫూర్తిగా ఇస్తే ఆ ఇంట్లోవాళ్లే ఇంకొకరు కాపు మార్చుకోవచ్చు. మా నాయన కాలంలో మార్చినారు. కానీ చెయ్యి మారితే పనీ మారుతుంది. వాడు కొట్టాల్సిన తప్పెట, మార్చుకున్నోళ్లు కొట్టల్ల."

"నేను మార్చుకుంటాను."

"ముందు వానికి జరిగింది చెప్పు. చెప్పకుండా తీసుకుంటే మళ్లా దొంగతనమే."

మరునాడు కూడా ఆమె పనికి పోలేదు. గుట్ట వారన లోకనాథ్ ఒక మేక కాలు ఒళ్లో పెట్టుకుని డెక్క సందున ముల్లు తీస్తున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేసింది. చామంతి సంగతి, గన్నేరు సంగతి, వరదప్ప సంగతి. మధ్యలో ఆగితే మళ్లీ నోరు పెగలదని ఆగకుండా చెప్పింది. అతను ముల్లు పూర్తిగా తీసి, మేకను వదిలి, అది కుంటకుండా నడుస్తోందా లేదా అని చూసుకుని అప్పుడు మాట్లాడాడు.

"నేను బ్యాగు సర్దుకుంటాంటే నువ్వేం చేస్తాండినావు?"

"నీ చొక్కాలు మడత పెడ్తాండినాను."

"నవ్వుతా మడత పెడ్తాండినావు. ఆడ చలంట మామా, స్వెట్టరు అడుగున పెట్టినాను, తీసి తొడుక్కో అన్న్యావు. నా పెండ్లాం ఎంత మంచిదో అనుకున్నాను."

త్రివేణి తల దించుకుంది.

"ఉండమని ఒక్క మాట అనింటే ఉండిపోయేవాన్ని."

"ఉండేవానివి కాదు" అంది ఆమె. ఏడుపు వస్తున్నా మాట స్పష్టంగానే వచ్చింది. "ఉండినా ఇట్లే ఉండేవానివి, మొగం గోడకు పెట్టుకోని. నాకు తెలుసు. అందుకే అడగలేదు."

"ఏమో, ఉండేవాన్నో లేదో. అడిగి చూసిండల్ల. అమ్మోరిని అడిగినావు, నన్ను అడగలేదు."

ఆ మాట కంటే కొట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. ఇన్నాళ్లూ అతన్ని ఆ పాట లాక్కుపోతోందని కుళ్లుకుంది. అతనికీ తనకూ మధ్య అడ్డంగా కూర్చున్నది పాట కాదు, తను మింగేసిన ఆ ఒక్క మాటే. అది ఇప్పుడు కళ్లెదుట కనిపించి సిగ్గుతో ఆమె చితికిపోయింది.

"ఇప్పుడు అడుగుతాండాను మామా" అంది చివరికి. "ఉండమని గాదు. నీ కాపు నాకియ్యి. నువ్వు పో."

"నడక నీకు యాడొస్తుంది?"

"రెండేండ్లు నా వీపు మీద కొట్టినావు గదా."

అతను నవ్వలేదు. కానీ ఆమె వైపు చూశాడు, చాలా దినాలకు.

గురువారం పొద్దున గుడి ముందు ఊరు ఊరంతా చేరింది. ఆడది తప్పెట ముట్టేదేమిటని ఒకరిద్దరు గొణిగారు. మునిలక్ష్మమ్మ కొడుకు ప్రయాణానికి కళ్లొత్తుకుంటున్నదల్లా అది విని తల ఎత్తింది.

"ఆ తప్పెటకు తోలు ఎండబెట్టేది ఎవరప్పా? చింతగింజలు నూరి జిగురు పూసేది ఎవరు? మా అత్త పూసింది, నేను పూసినాను, ఇది పూస్తాది. పూసేదానికి పనికొచ్చిన చెయ్యి కొట్టేదానికి పనికిరాదా?"

తోలుకు జిగురు పూసిన పాపాన పోయిన మగవాడు ఆ గుంపులో ఒక్కడూ లేడు కాబట్టి గొణుగుడు ఆగిపోయింది.

లోకనాథ్ తన మణికట్టు మీది ముడి తనే విప్పాడు. వరదప్ప మంత్రమేదో చదివి ఆ పసుపు తాడు త్రివేణి చేతికి కట్టాడు. మనస్ఫూర్తిగా ఇచ్చినావా అని లోకనాథ్‌ను అడిగితే, ఇచ్చినాను తాతా అన్నాడు. తన తప్పెట సంచిలో వేసుకుని, జాతరకు మాత్రమే దించే తాతలనాటి అమ్మోరి తప్పెట భార్య భుజానికి తగిలించాడు. తగిలిస్తూ పట్టీ కాస్త పైకి లాగి సరిచేశాడు. ఆ వేళ్లు ఆమె భుజం మీద ఒక క్షణం ఆగాయి. మోగలేదు.

హోసూరు బస్సు పొలిమేరలో వచ్చి నిలబడింది. "వస్తానమ్మా" అని తల్లికి చెప్పాడు. "వస్తాను తాతా" అని వరదప్పకు చెప్పాడు. నిలబడిన అందరికీ చేతులెత్తి వస్తానన్నాడు. త్రివేణి వైపు తిరిగి ఏదో అనబోయాడు. కండక్టరు విజిలు వేశాడు. లోకనాథ్ బస్సెక్కాడు.

బస్సు కదిలాక గాని ఆమెకు తట్టలేదు. అందరికీ వస్తానని చెప్పినవాడు తనకు చెప్పలేదు. మరచిపోయాడా? విజిలు అడ్డం వచ్చిందా? లేక మనసులోనే లేదా? కృష్ణగిరి హైవే మీద పోయే బండ్లన్నీ ఒక్కసారి ఆమె గుండె మీదుగా పోయాయి. పరుగెత్తి బస్సు ఆపుదామా అనుకుంది. అతన్ని కట్టేసిన తాడు ఇప్పుడు తన చేతికి ఉంది.

"ఏదమ్మా, ఒకసారి కొట్టు, విందాము" అన్నాడు వరదప్ప. "బుధవారం నువ్వు తడబడితే అమ్మోరు ఈ పొలిమేరలోనే నిలబడిపోతాది."

ఊరంతా చూస్తోంది. త్రివేణి పుల్ల ఎత్తింది. అడుగు పడేచోట ఊరుకోవాలి. ఊరుకుంది. అది తప్పనుకుని ఎవరో కిసుక్కున నవ్వారు. అడుగు లేచేచోట కొట్టింది. మళ్లీ ఊరుకుంది, మళ్లీ కొట్టింది. నడక తప్పలేదు. నవ్విన గొంతు ఆగిపోయింది. వరదప్ప పొర కమ్మిన కళ్లు మూసుకున్నాడు. మలుపు తిరిగేలోగా ఆ బస్సులో మనిషికి వినపడాలని, ఇన్నాళ్లూ నోటితో అడగలేనిదంతా ఆ తోలు మీద అడుగుతూ, ఆమె ఇంకా గట్టిగా కొట్టింది.

మలుపు దగ్గర బస్సు ఆగింది.

ఎవరో దిగారు. అతను కాకూడదని అమ్మోరికి మొక్కుకుంటూ, అతనే కావాలని ప్రాణమంతా కొట్టుకుంటూ, త్రివేణి తప్పెట ఆపకుండా చూసింది. ఎర్ర దుమ్ములో దిగిన మనిషి మొహం కనపడలేదు.